రొయ్యల కౌంట్ అడిగినట్టు

వెబ్ రంగంలో పనిచేస్తున్నవాళ్లను కాలేజీ పిల్లలు అడిగే ప్రశ్నల్లో ఎక్కువసార్లు వినిపించేది ఒకటుంది: "ఏం నేర్చుకుంటే జాబ్ వస్తుందన్నా?" దీనికి జవాబు దొరకదని కాదు. ఎవరిని అడిగినా ఏదో ఒక జవాబు దొరుకుతుంది, అదే ఇబ్బంది. ఒకరు జావా అంటారు, ఒకరు రియాక్ట్ అంటారు, ఇంకొకరు ఇప్పుడంతా ఏఐ అంటారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పరు. ఎవరి సీట్లోంచి వాళ్లకు కనిపించినంత మేర చెబుతారు.

ఇదే తరహా ప్రశ్న నెల్లూరు తీరంలో ఇంకో వ్యాపారంలో వేస్తే నవ్వుతారు. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు వైపు ఏ చెరువు గట్టు మీదైనా నిలబడి "రొయ్యల్లో డబ్బులుంటాయా?" అంటే ఎవరు మాత్రం ఏం చెబుతారు? "30 కౌంట్ ఇవాళ రేటెంత, 100 కౌంట్ ఎంత?" అంటే మాత్రం కొనడానికి వచ్చిన ఏజెంటు తడుముకోకుండా చెబుతాడు. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది. మేత సరిపోతోందా లేదా అన్నది రైతు ఎవరినీ అడగడు. చెక్ ట్రేలో కాస్త మేత వేసి నీళ్లలోకి దించుతాడు, కొంతసేపటికి పైకి లాగి ఎంత మిగిలిందో చూస్తాడు. ఉద్యోగం గురించి అడిగేటప్పుడు కూడా ప్రశ్న ఆ కొలతలోనే ఉండాలి: చిన్నదిగా, లెక్కకు అందేదిగా, ఎదుటి మనిషి రోజూ చూస్తున్నదాని గురించి.

ఈ తీరంలో చదువుకు కొరత లేదు. విద్యానగర్‌లో ఎన్‌బీకేఆర్ ఇంజినీరింగ్ కాలేజీ 1979 నుంచి నడుస్తోంది. నెల్లూరు, కావలి, గూడూరుల్లో తర్వాత చాలా కాలేజీలు వచ్చాయి. 2008లో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఏర్పడింది, 2013లో తడ దగ్గర శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ మొదలైంది. లేనిదల్లా, పని జరిగేచోట ఆ పని చేసేవాళ్లు కంటికి కనిపించడం. పోర్టులో పనిచేసే మనిషి కృష్ణపట్నంలో కనిపిస్తాడు, హేచరీ టెక్నీషియన్ ఊళ్లోనే తిరుగుతుంటాడు, పంతులు బడిలో ఉంటాడు. వెబ్ ఇంజినీరు ఉండేది చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో. సూళ్లూరుపేట దాకా చెన్నై లోకల్ రైళ్లు వస్తాయి, నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లే. అయినా ఆ ఆఫీసు లోపల ఏం జరుగుతుందో ఊళ్లో ఎవరికీ తెలియదు. సంక్రాంతికి వచ్చినప్పుడు కూడా ఆ ఇంజినీరు మిద్దె మీద సిగ్నల్ కోసం అటూ ఇటూ తిరుగుతూ, చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరికో ఏదో చెబుతూ కనిపిస్తాడు. ఊరికి తెలిసేది అతని జీతం, కారు, పెళ్లి సంబంధం. అందుకే ఊళ్లో పిల్లల ప్రశ్న కూడా పని గురించి కాకుండా జీతం దగ్గర మొదలవుతుంది.

అసలు వెబ్ అన్నది ఒక్క ఉద్యోగం కాదు. నెల్లూరు నుంచి హైదరాబాద్‌కు బస్ టికెట్ బుక్ చేసే సైటే తీసుకుంటే, తెర మీద కనిపించే సీట్ల పటం, బటన్లు, ఫారాలు తయారుచేసేది ఫ్రంటెండ్. సీటు నొక్కగానే అది ఖాళీగా ఉందో లేదో డేటాబేస్‌ను అడిగి, ఒకే సీటు ఇద్దరికి పోకుండా చూసేది బ్యాకెండ్. రెండూ చేసేవాళ్లను ఫుల్‌స్టాక్ అంటారు. ఫ్రెషర్ రెజ్యూమేలో ఈ మాట కనిపిస్తే రెండూ కొంచెం కొంచెం వచ్చని అర్థం చేసుకోవడమే క్షేమం. పండగ రద్దీకి సర్వర్లు చేతులెత్తేయకుండా కాచుకునేది డెవాప్స్. ఇవికాక టెస్టింగ్, డిజైన్, సపోర్ట్ ఉన్నాయి. పని ఒకటే అయినా చోటును బట్టి రూపు మారుతుంది. పెద్ద సర్వీసు కంపెనీలో ఫ్రంటెండ్ మనిషి ఎవరో విదేశీ క్లయింటు పదేళ్ల కిందట రాయించుకున్న కోడ్‌కు మరమ్మతులు చేస్తుండవచ్చు. సొంత యాప్ నడిపే ప్రొడక్ట్ కంపెనీలో ఒకే పేజీ మీద నెలలకు నెలలు గడపవచ్చు. ఆరుగురున్న చిన్న ఆఫీసులో కల్యాణ మండపాలకు, ఆస్పత్రులకు, స్కూళ్లకు వర్డ్‌ప్రెస్ సైట్లు వరసపెట్టి చేయాల్సి రావచ్చు. కాబట్టి సలహా అడిగేముందు ఆ మనిషి వీటిలో ఎక్కడ కూర్చున్నాడో తెలుసుకోవడం మొదటి పని. అది తెలియకపోతే జవాబు విన్నా దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఎవరిని అడగాలన్న దాని మీద ఒక పాత పరిశోధన ఉంది. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసంలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను ఆ తెలిసినవాళ్లను ఎంత తరచుగా కలిసేవాళ్లో అడిగి లెక్క తీశాడు. తరచుగా కలిసేవాళ్లు అన్నది దాదాపు 17 శాతం. అప్పుడప్పుడు కలిసేవాళ్లన్నది దాదాపు 56 శాతం. ఎప్పుడో గాని కలవనివాళ్లన్నది 28 శాతం. దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసే ఉంటుంది, కొత్త కబురు కాస్త దూరపువాళ్ల దగ్గరే ఉంటుంది. 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం లింక్డ్‌ఇన్‌లో 2 కోట్లకు పైగా మనుషుల మీద జరిగింది. మరీ దగ్గరా కాని, మరీ దూరమూ కాని పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ సాయపడ్డాయని అందులో తేలింది.

నెల్లూరు జిల్లాలో అడగడం దీనికి ఎదురుగా నడుస్తుంది. ముందు బాబాయ్ కొడుకును, తర్వాత అక్క మొగుణ్ని, ఆపైన నాన్న స్నేహితుడి అల్లుణ్ని అడుగుతారు. వాళ్లు ప్రేమగానే చెబుతారు. ప్రేమ ఉన్నచోట భయపెట్టకూడదన్న జాగ్రత్త కూడా ఉంటుంది, మాట మెత్తబడుతుంది. కాలేజీలో రెండేళ్ల ముందు బ్యాచ్ సీనియర్‌కు ఆ మొహమాటం ఉండదు. అలాంటివాళ్లను వెతకడం కష్టమేమీ కాదు. లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేజీ తెరిస్తే పూర్వ విద్యార్థుల విభాగం ఉంటుంది. వాళ్లు ఏ ఊళ్లో, ఏ కంపెనీలో, ఏ పనిలో ఉన్నారో అక్కడ వడపోసుకుని చూడవచ్చు. పేరున్న కాలేజీలకే కాదు, ఈ తీరపు కాలేజీలకూ ఇది పనిచేస్తుంది.

సలహా ఇచ్చే మనిషి ఏ సంవత్సరంలో ఉద్యోగంలో చేరాడన్నది చాలామంది పట్టించుకోరు. పట్టించుకోవాల్సింది ముందు అదే. టీసీఎస్ 2021–22 ఆర్థిక సంవత్సరంలో నికరంగా 1,03,546 మందిని చేర్చుకుంది. 2023–24లో అదే కంపెనీ సిబ్బంది సంఖ్య 13,249 తగ్గింది. మొదటి ఏడాది చేరిన సీనియర్, రెండో ఏడాది బయటకు వచ్చిన జూనియర్‌కు "టెన్షన్ పడకురా, అదే వస్తుంది" అని చెబితే అతని అనుభవం నిజమే, ఆ అనుభవం జరిగిన కాలం మాత్రం పోయింది. రొయ్యల చెరువులు ఈ పాఠం ముందే చెప్పాయి. 1990ల మొదట్లో టైగర్ రొయ్యతో లాభపడ్డవాళ్లను చూసి, వాళ్లను అడిగి, పొలాలు తవ్వి చెరువులు చేసినవాళ్లు ఎందరో. 1994–95లో తెల్లమచ్చ వైరస్ తగిలేసరికి ఆ సలహాలన్నీ నీళ్లపాలయ్యాయి. 2009లో వనామి రకం రొయ్య సాగుకు అనుమతి వచ్చాక లెక్కలు మళ్లీ మొదటి నుంచి వేసుకోవాల్సి వచ్చింది. గెలిచినవాణ్ని అడిగితే గెలుపు కథే వస్తుంది, ఓడినవాడు ఆ గట్టు మీద కనిపించడు. ఉద్యోగం రానివాణ్ని, వచ్చి వదిలేసినవాణ్ని కూడా ఒకసారి కదిలిస్తే లెక్క కొంత సరిపడుతుంది.

వెబ్‌లో పనిముట్లు కూడా ఇలాగే పోతుంటాయి. ఒకప్పుడు సైటంటే ఫ్లాష్ ఉండాల్సిందే. 2020 డిసెంబర్ 31తో దాన్ని ఆపేశారు. 2010లో గూగుల్ నుంచి వచ్చిన యాంగులర్‌జేఎస్ మీద కెరీర్ కట్టుకున్నవాళ్లకు 2021 చివరితో ఆ పాత వెర్షన్‌కు మద్దతు ఆగిపోయింది. 2013లో ఫేస్‌బుక్ బయటపెట్టిన రియాక్ట్ ఇప్పటికి నిలబడింది. కింద ఉన్న పునాది మాత్రం పెద్దగా కదలలేదు. 1991 నాటి హెచ్‌టీఎంఎల్, 1995 నాటి జావాస్క్రిప్ట్, అంతకంటే పాతదైన ఎస్‌క్యూఎల్, 2005లో వచ్చిన గిట్ ఇప్పటికీ రోజూ వాడేవే. పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లను ఈ పునాది గురించి అడిగితే గొప్పగా చెబుతారు. ఈ ఏడాది ఫ్రెషర్లను ఎలా తీసుకుంటున్నారన్నది మాత్రం ఏడాదో రెండేళ్లో కిందట చేరినవాళ్లకే సరిగ్గా తెలుస్తుంది. చాట్‌జీపీటీ 2022 నవంబరులో వచ్చింది. అంతకుముందు ఫ్రెషర్‌కు అప్పగించే చిన్నచిన్న కోడ్ ముక్కలు చాలావాటిని ఇప్పుడు అలాంటి పనిముట్లే రాసిపెడుతున్నాయి. దానివల్ల తమ టీమ్‌లో కొత్తవాళ్ల పని ఎలా మారిందన్నది ఇలా కొత్తగా చేరినవాళ్లను అడగదగ్గ ప్రశ్నే.

ఇక అడిగే తీరు. చాలామంది చేసే తప్పు "హాయ్ సార్" అని ఒక్క ముక్క పంపి, అవతలి నుంచి "చెప్పండి" అని వచ్చేదాకా కూర్చోవడం. ఆఫీసు మధ్యలో ఫోన్ చూసుకున్న మనిషికి అందులో జవాబివ్వడానికి ఏముంది? రెండో తప్పు రెజ్యూమే పీడీఎఫ్ అంటించి "ఏదైనా ఉంటే చూడండి" అనడం. జవాబు రాబట్టే మెసేజ్ ఇలా ఉంటుంది:

"నమస్తే అండి. నేను మన కాలేజీలోనే సీఎస్‌ఈ ఫైనలియర్. మీరు 2022లో ఇక్కడి నుంచి వెళ్లి ఫ్రంటెండ్‌లో పనిచేస్తున్నారని లింక్డ్‌ఇన్‌లో చూశాను. మా ఊళ్లో వాటర్ ప్లాంటు వాళ్లు క్యాన్ల ఆర్డర్లు తీసుకోవడానికి చిన్న సైటు చేశాను, లింకు కింద పెట్టాను. కంప్యూటర్‌లో బాగానే ఉంది, ఫోన్‌లో తెరిస్తే ఫారం పక్కకు జరిగిపోతోంది. ఇలాంటివి మీ టీమ్‌లో ఎలా పట్టుకుంటారో ఒక పదిహేను నిమిషాలు చెప్పగలరా? శని, ఆదివారాల్లో మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు ఫోన్ చేస్తాను."

ఇందులో అడిగింది తక్కువ, చూపించింది ఎక్కువ. అవతలి మనిషి లింకు నొక్కితే రెండు నిమిషాల్లో ఏదో ఒకటి చెప్పగలడు. పిలుపుల సంగతికొస్తే, కంపెనీల్లో మేనేజరును కూడా పేరు పెట్టి పిలుస్తారు గానీ, ఆ అలవాటు కాలేజీ కుర్రాడి మొదటి మెసేజ్‌లో నప్పదు. 'అండి', 'గారు' చాలు. ఫోన్‌లో నాలుగు మాటలయ్యాక "అన్నా అను, పర్లేదు" అని వాళ్లే అంటారు. వారం దాకా జవాబు రాకపోతే ఒక్కసారి గుర్తుచేయవచ్చు. అప్పటికీ రాకపోతే ఇంకొకరిని చూసుకోవడమే. రిలీజ్ వారంలో ఉన్న మనిషి ఇంట్లోవాళ్ల ఫోనే ఎత్తడు.

ఫోన్‌లో అడగదగ్గ మొదటి ప్రశ్న "నిన్న ఆఫీసులో ఏం చేశారు?" అన్నది. వినడానికి అమాయకంగా ఉంటుంది గానీ, దీనికి వచ్చే జవాబులోనే సగం సిలబస్ ఉంటుంది. పొద్దున స్టాండప్ మీటింగ్‌లో నిన్న చేసింది, ఇవాళ చేయబోయేది, ఎక్కడ ఆగిపోయిందీ తలా రెండు నిమిషాలు చెప్పుకుంటారు. తర్వాత ఒక బగ్ టికెట్: పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో తేదీ ఎంచుకునే పెట్టె తెరుచుకోవడం లేదు. కారణం వెతకడానికి మూడు గంటలు పట్టింది, మార్చింది రెండు లైన్లు. మధ్యాహ్నం బ్యాకెండ్ వాళ్ల ఏపీఐ కోసం ఎదురుచూపు. సాయంత్రం ఇంకొకరి కోడ్ చదివి తప్పులు చెప్పడం, ఆపైన క్లయింటుకు ఇంగ్లిష్‌లో నాలుగు లైన్ల మెయిల్. ఇలాంటి రోజును విన్న విద్యార్థికి కొత్త కోడ్ రాయడం పనిలో ఒక ముక్క మాత్రమేనని, ఇంకొకరి కోడ్ చదవడం, తప్పు వెతకడం, చేసింది చెప్పగలగడం మిగతా ముక్కలని అర్థమవుతుంది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కట్టిన ఫ్లెక్సీల్లో కోర్సుల పేర్లు ఎన్నో ఉంటాయి, ఈ మూడూ మాత్రం వాటిలో కనిపించవు.

తర్వాతి ప్రశ్నలు దీనిలోంచే పుడతాయి. టీమ్‌లో చివరగా చేరిన ఫ్రెషర్ ఏ దారిలో వచ్చాడు, క్యాంపస్‌లోనా, లోపల పనిచేసేవాళ్లు రెజ్యూమే అందించే రిఫరల్‌తోనా, ఇంటర్న్‌షిప్ నుంచా? ఇంటర్వ్యూలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఏం చేయించారు? చేరిన మొదటి ఆరు నెలల్లో ఏం రాక ఇబ్బందిపడ్డారు? చివరి ప్రశ్నకు చాలామంది మనసు విప్పి మాట్లాడతారు. అడిగే భాష తెలుగైతే మరీ మంచిది. ఇంగ్లిష్‌లో అడగాలన్న బెరుకుతో అసలు అడగకుండా ఊరుకున్నవాళ్లు ఈ జిల్లాలో తక్కువేం కాదు.

జీతం గురించి అడగకూడదనేమీ లేదు. "మీకెంత?" అనడం మాత్రం ఇబ్బందికరం. "మీ దగ్గర ఫ్రెషర్లకు ఎంత నుంచి ఎంత దాకా ఇస్తున్నారు, చేతికి ఎంత వస్తుంది?" అంటే చెబుతారు. కంపెనీ ఒక ఉద్యోగి మీద పెట్టే మొత్తం ఖర్చైన సీటీసీకీ, చేతికి వచ్చేదానికీ తేడా ఊళ్లో చాలామందికి తెలియదు. ఉదాహరణకు సీటీసీ ఏడాదికి 3,60,000 అనుకుంటే కాగితం మీద నెలకు 30,000. అందులో 10 శాతం వేరియబుల్ అయితే 3,000 పక్కకు పోతుంది, అది ఏడాది చివర కంపెనీ దయ మీద వస్తుంది. బేసిక్ 15,000 అయితే కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కింద లెక్కవేసే 721 కూడా ఆ 30,000లోనివే. మిగిలిన 24,479లోంచి ఉద్యోగి వాటా పీఎఫ్ 1,800, హైదరాబాద్‌లో అయితే వృత్తి పన్ను 200 కోస్తారు. చేతికి వచ్చేది 22,479. పీజీ అద్దె, తిండి, బస్సు ఖర్చు కట్టుకోవాల్సింది ఇందులోంచే. బాండ్ ఉందా, ఎన్నేళ్లు, నోటీస్ పీరియడ్ ఎంత అన్నవి కూడా ఈ సందర్భంలోనే అడగాలి. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టాక అడిగితే లాభం లేదు.

అమ్మాయిలకు ఇంకొన్ని ప్రశ్నలుంటాయి, వాటిని అక్కలనే అడగాలి. షిఫ్ట్ ఎన్నింటికి అయిపోతుంది, రాత్రయితే క్యాబ్ గేటు దాకా వస్తుందా, ఆఫీసు దగ్గర పీజీలు ఎలా ఉన్నాయి, పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక టీమ్‌లో ఎంతమంది ఆడవాళ్లు మిగిలారు? ఈ సంగతులు మగ సీనియర్‌కు తెలియవు. చాలాసార్లు అతనికి తట్టవు కూడా. ఇంట్లో నాన్నను ఒప్పించడానికి కూడా ఆ అక్క ఫోన్‌లో మాట్లాడే ఐదు నిమిషాలే పనికొస్తాయి.

సలహా పేరుతో బేరం పెట్టేవాళ్లూ ఉంటారు. "ఇంత కట్టు, బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తా" అన్నది ఒక రకం. "మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం" అన్నది రెండోది. ఉద్యోగం ఇచ్చే కంపెనీ అభ్యర్థి నుంచి డబ్బు తీసుకోదు. లేని అనుభవాన్ని చూపిస్తే దొరికిపోయే చోటు కూడా ఖాయంగా ఉంది. పీఎఫ్‌కు ఇచ్చే 12 అంకెల యూఏఎన్ కింద ఏ కంపెనీ ఏ నెల నుంచి ఏ నెల దాకా డబ్బు కట్టిందో నమోదై ఉంటుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దాన్ని చూస్తారు. పట్టుబడితే చేరిన ఉద్యోగమూ పోతుంది. తెలిసిన సీనియరే ఈ దారి చెప్పినా, అతను దాటిపోయాడంటే అది అతని అదృష్టం, అంతే.

రిఫరల్ వేరు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారా షహీద్ దర్గాలో మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండగలో చదువు రొట్టె, పెళ్లి రొట్టెతో పాటు ఉద్యోగం రొట్టె కూడా ఉంటుంది. కోరిక ఉన్నవాళ్లు నీళ్లలో నిలబడి ఆ రొట్టె తీసుకుంటారు. కోరిక తీరాక మరో ఏడు రొట్టె తెచ్చి, అదే నీళ్లలో నిలబడి, అడిగినవాళ్లకు పంచుతారు. రిఫరల్ కూడా ఇలాగే చేతులు మారుతుంది: ఇవాళ ఇచ్చేది నిన్న ఎవరినో అడిగినవాడే. తేడా ఎక్కడంటే, రొట్టె ఇచ్చే మనిషి ఎదుటివాడి అర్హత చూడడు. రిఫరల్ ఇచ్చేవాడు చూడక తప్పదు, ఎందుకంటే కంపెనీ పోర్టల్‌లో రెజ్యూమే పక్కన అతని పేరుంటుంది. అందుకే మొదటి ఫోన్‌లోనే రిఫరల్ అడగడం తొందరపాటు. అడిగే సమయం వచ్చాక ఉద్యోగం ఐడీ, పీడీఎఫ్ రెజ్యూమే, మెయిల్ అన్నీ ఒకే మెసేజ్‌లో ఇస్తే అతని పని ఐదు నిమిషాల్లో అయిపోతుంది. రిఫరల్ అయితే రెజ్యూమే ఒకరి కంటపడుతుంది, అంతకుమించి హామీ ఏమీ లేదు.

నలుగురిని అడిగితే నాలుగు మాటలు వస్తాయి. ఒకరు టెస్టింగ్‌తో మొదలుపెట్టు అంటారు, మరొకరు టెస్టింగ్‌లో ఇరుక్కుంటావు అంటారు. ఇద్దరిలో ఎవరిది ఒప్పు అని తేల్చే బదులు ఇద్దరూ ఎక్కడ, ఏ సంవత్సరంలో, ఏ కంపెనీలో నిలబడి ఆ మాట అన్నారో పక్కపక్కన రాసుకుంటే సగం తగువు తీరిపోతుంది. వేర్వేరు చోట్ల ఉన్న ముగ్గురు ఒకటే చెబితే దాన్ని నమ్మవచ్చు. మామూలుగా అలా కలిసేది గిట్, జావాస్క్రిప్ట్ పునాది, సొంతంగా పూర్తిచేసిన ఒక ప్రాజెక్టు దగ్గర.

సలహా తీసుకున్నాక రెండో మెసేజ్ పంపేవాళ్లు తక్కువ. పండగ బొమ్మలు, గుడ్‌మార్నింగ్ బొమ్మలు పంపడం దాని కిందికి రాదు. నెలా రెండు నెలల తర్వాత పంపేది ఇలా ఉండవచ్చు: "నమస్తే అన్నా. మీరు చెప్పినట్టు బ్రౌజర్ డెవ్‌టూల్స్‌లో చూస్తే ఫారం వెడల్పు పిక్సెల్స్‌లో కట్టేసి ఉంది. శాతాల్లోకి మార్చాను, ఫోన్‌లో సరిగ్గా వస్తోంది. వాటర్ ప్లాంటు వాళ్లు వాడుతున్నారు. స్నేహితుడితో కలిసి గిట్‌లో చేయమన్నారు కదా, అది సగంలో ఉంది. మెర్జ్ చేసేటప్పుడు ఇద్దరి మార్పులూ కలబడుతున్నాయి." ఇందులో కొత్తగా అడిగింది ఏమీ లేదు. జవాబు మాత్రం గిట్ గురించి వస్తుంది.